నర్సుల విద్యలో చివరి మెట్టు

నర్సు వృత్తిలో పది, పదునైదేండ్లు గడిపి, ఎం.ఎస్సీ. వరకు చదివిన సోదరి పీహెచ్.డి. చేయదలచినప్పుడు ఇంటిల్లిపాదికి మొదట తోచు ప్రశ్న ఒకటే: ఏ విశ్వవిద్యాలయములో చేరవలెను? ప్రశ్న సహజమైనదే. కాని నర్సుల విద్య నడచివచ్చిన దారిని పరిశీలించినచో, దానికి ముందుగా అడుగవలసిన ప్రశ్న మరియొకటి కానవచ్చును. ఎవరి బాధను గురించి, ఏమి తెలిసికొనుటకు ఈ చదువు? దీనికి సమాధానము దొరకినచో మొదటి ప్రశ్న సగము తేలిపోవును. ఈ మాటను చరిత్ర ఆధారముగా వివరించుటకు మేము ఢిల్లీ నుండి గాని న్యూయార్కు నుండి గాని మొదలుపెట్టుట లేదు. గోదావరి గట్టున నున్న దుమ్ముగూడెము నుండి మొదలుపెట్టుచున్నాము.

భద్రాచలమునకు ఎగువన సుమారు 25 కిలోమీటర్ల దూరమున దుమ్ముగూడెము కలదు. పర్ణశాలకు పోవు యాత్రికులకు ఈ సీమ పరిచితమే. చుట్టును కోయల పల్లెలు. 1874 వరకు ఈ ప్రాంతము మధ్య పరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండెను. తరువాత మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాకు మారెను. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో ఉన్నది. జిల్లాల పేర్లు ఇన్ని మారినను, ఊరి గుర్తు మాత్రము మారలేదు. అది ఏటికి అడ్డముగా కట్టిన ఆనకట్ట.

సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము ఆనకట్టను 1847 నుండి 1852 వరకు కట్టించినాడని తెలుగువారందరు ఎరుగుదురు. గోదావరిని ఎగువకు పడవల మార్గముగా చేయవలెనని ఆయన తలంచిన సంగతి అంతగా ప్రచారములో లేదు. నాగపూరు, బీరారు సీమల పత్తిని నీటిమీద సముద్రతీరమునకు చేర్చవలెనన్నది ఆ పథకము. ఏటిలో బండలు అడ్డముగా నున్న చోట్లు మూడు: దుమ్ముగూడెము, ఇంచంపల్లి, దేవలమర్రి. పడవలు ఆ బండలను తప్పించుకొని పోవుటకు లాకులును, ప్రక్క కాలువలును అవసరమైనవి. హేగ్ అను సైనిక ఇంజనీరు పర్యవేక్షణలో పనులు సాగెను. 1867లో రైలుమార్గము నాగపూరు చేరెను. ఇటు వ్యయము పెరిగిపోయెను. 1871లో పనులు నిలిపివేయబడెను. పథకమునకు ముఖ్యోద్దేశము దూరపు సరకుల రవాణా. సరకునకు వేరొక దారి దొరకగానే పథకమునకు బలము తగ్గెను. గట్టున నివసించు వారి అవసరము కేంద్రముగా లేని పని యెట్లు నిలిచిపోవునో చెప్పుటకు ఈ ఆనకట్ట మంచి ఉదాహరణము.

నర్సుల విద్యకును ఈ ఆనకట్టకును సంబంధమేమని శ్రోతలు అడుగవచ్చును. సంబంధము కలదు. కాటన్‌తో భారతదేశపు నీటి పనులను గురించి ఉత్తరప్రత్యుత్తరములు జరిపినవారిలో ఫ్లారెన్స్ నైటింగేల్ ఒకరు. ఆధునిక నర్సు వృత్తికి పునాది వేసిన ఆ మహిళ కాలువలను గురించి ఎందుకు పట్టించుకొనెను? ఈ ప్రశ్నకు సమాధానములోనే నర్సుల పరిశోధన పుట్టుక ఉన్నది.

1854లో క్రిమియా యుద్ధమునకు పోయినప్పుడు, గాయములకంటె ఆసుపత్రులలో వ్యాపించిన రోగములకే సైనికులు ఎక్కువగా బలియగుచున్నారని ఆమె గమనించెను. తిరిగి వచ్చిన పిమ్మట ఆ మరణములను నెలలవారీగా లెక్కకట్టి, పటములు గీసి, ప్రభుత్వము ముందుంచెను. 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట నర్సుల పాఠశాల వెలసెను. ఇది లోకమునకు తెలిసిన కథ. భారతదేశమును గురించి ఆమె చేసిన పని అంతకంటె తక్కువది కాదు. ఇచ్చటి సైన్యపు ఆరోగ్యమును విచారించుటకు 1859లో ఏర్పడిన రాజసంఘము కొరకు, ఆమె ప్రశ్నావళులు తయారుచేయించి దేశములోని దండులన్నిటికిని పంపించెను. వచ్చిన జవాబులను తానే పరిశీలించెను. ఇచ్చటి బ్రిటిషు సైనికులలో ఏటేట వేయికి 69 మంది మరణించుచున్నారని 1863 నాటి నివేదికలో తేలెను. త్రాగునీరు, మురుగు పారుదల, ఇరుకు బస ముఖ్య కారణములని ఆమె వాదించెను. భారతదేశమునకు ఆమె ఎన్నడును రాలేదు. 1876 నుండి 1878 వరకు దక్షిణాదిని పీడించిన గొప్ప కరవు కాలమున ఆమె దృష్టి సైనికులనుండి రైతులమీదికి మరలెను. నీరు లేనిచోట ఆరోగ్యము లేదని ఆమె అభిప్రాయము. కాటన్ వాదములను ఆమె సమర్థించుటకు కారణమిదియే.

ఇందులో గమనింపదగినవి రెండు. ఆమెకు విశ్వవిద్యాలయ పట్టము లేదు. ఆ కాలమున స్త్రీలకు ఆ వాకిలి తెరచియుండలేదు. అయినను ఆమె చేసినది పరిశోధనమే. రోగి మంచము ప్రక్కన కలిగిన సందేహమును లెక్కలతో, సాక్ష్యములతో తేల్చుట అదియే గదా. నర్సుల విషయములో పరిశోధన ముందు వచ్చెను. పట్టము తరువాత వచ్చెను. నేడు పట్టమును ఎన్నుకొనువారు ఈ క్రమమును మరువరాదు.

మన సీమలో ఈ విద్య ఎట్లు ఎదిగెను? మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లో నర్సుల శిక్షణ ఆరంభమాయెను. దుమ్ముగూడెము పనులు ఆగినదియు ఆ సంవత్సరమే. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు 1898లో అచ్చట స్త్రీలకు, శిశువులకు ఆసుపత్రి నెలకొల్పెను. వేలూరులో డాక్టరు ఐడా స్కడరు 1909లో నర్సుల పాఠశాల ప్రారంభించెను. 1926లో మద్రాసు ప్రభుత్వము నర్సుల, మంత్రసానుల చట్టము చేసెను. పని నేర్చినవారి పేర్లు పట్టికలో నమోదు చేయుట అప్పటి నుండి ఈ రాజధానిలో చట్టబద్ధమైనది. భద్రాచలము తాలూకా ఆనాడు ఆ రాజధానిలోనిదే. చట్టము వచ్చినంత మాత్రమున అడవిలోనికి నర్సు రాలేదు. కోయపల్లెలలో పురుడు పోసినది వృద్ధ స్త్రీల అనుభవమే.

దేశమంతట కొరత అట్లే ఉండెను. 1943లో ఏర్పడి 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘము లెక్క ప్రకారము 43,000 మంది జనమునకు ఒక నర్సు మాత్రమే ఉండెను. నర్సుల విద్యను విశ్వవిద్యాలయములకు చేర్చవలెనని ఆ సంఘము సలహా యిచ్చెను. 1946లోనే ఢిల్లీలోను, వేలూరులోను డిగ్రీ తరగతులు ఆరంభమైనవి. 1947లో భారత నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చెను. ఢిల్లీలోని కళాశాలకు తరువాత రాజకుమారి అమృతకౌర్ పేరు పెట్టబడెను. అచ్చట 1959లో ఎం.ఎస్సీ. స్థాయి చదువు, 1986లో ఎం.ఫిల్. చదువు ప్రారంభమాయెను. డిగ్రీకిని ఎం.ఫిల్.కును నడుమ నలువది యేండ్లు గడచినవి. ఒక్కొక్క మెట్టు కట్టుటకు ఒక తరము పట్టినదన్నమాట.

చివరి మెట్టు మొదట కట్టినది అమెరికాలో. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో 1924లో నర్సులకు డాక్టరేటు చదువు ఏర్పడెను. అది నర్సింగులో ఇచ్చిన పట్టము కాదు, విద్యాశాస్త్రములో ఇచ్చిన పట్టము. నర్సులకు పాఠము చెప్పువారిని తయారుచేయుట దాని ఉద్దేశము. 1934లో న్యూయార్కు విశ్వవిద్యాలయము నర్సులకు పీహెచ్.డి. మార్గము తెరచెను. 1960లో బోస్టను విశ్వవిద్యాలయము నర్సింగు శాస్త్రములోనే డాక్టరేటు ప్రారంభించెను. అంతవరకు పలువురు నర్సులు విద్యాశాస్త్రము, సమాజశాస్త్రము వంటి ఇరుగుపొరుగు శాస్త్రముల నీడను పరిశోధన చేసిరి. బ్రిటనులో 1956లో ఎడింబరో విశ్వవిద్యాలయము నర్సింగు అధ్యయనమునకు ప్రత్యేక విభాగము నెలకొల్పెను.

ఇరువదియవ శతాబ్ది ముగియు వేళకు అమెరికాలో ఒక చర్చ బలపడెను. పీహెచ్.డి. పొందిన నర్సు పాఠశాలకో, పరిశోధనశాలకో పోవుచున్నది. రోగి దగ్గర నిలిచియుండు నర్సుకు అంతటి ఉన్నత పట్టము ఏది? దీనికి సమాధానముగా 2001లో కెంటకీ విశ్వవిద్యాలయము ‘డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్’ అను పట్టము నెలకొల్పెను. 2004లో అచ్చటి నర్సింగు కళాశాలల సంఘము దానిని బలపరచెను. ఆ విధముగా రెండు దారులేర్పడినవి. పీహెచ్.డి. కొత్త జ్ఞానమును వెదకుటకు. రెండవది, ఉన్న జ్ఞానమును ఆసుపత్రిలో, సమాజములో సక్రమముగా అమలు జరుపుటకు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు నర్సులు ఈ రెంటిలో ఒకదానిని ఎన్నుకొనవలసి వచ్చినప్పుడు తారతమ్యము పట్టముల గౌరవములో లేదని గ్రహింపవలెను. తారతమ్యము వారు చేయదలచిన పనిలో ఉన్నది.

మన దేశమున నర్సులకు వాడుకలో నున్నది పీహెచ్.డి. పట్టమే. దీనిని ప్రోత్సహించుటకు భారత నర్సింగు కౌన్సిలు 2005లో బెంగుళూరులోని రాజీవ్‌గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయముతోను, ప్రపంచ ఆరోగ్య సంస్థతోను కలిసి ఒక జాతీయ కూటమిని ఏర్పరచెను. ప్రవేశపరీక్ష ద్వారా అందులో చేరవచ్చును. ఇదిగాక పీహెచ్.డి. ఇచ్చు విశ్వవిద్యాలయములు వేరుగా కలవు. తెలుగునాట నర్సింగు డిగ్రీ చదువులకు విజయవాడలో 1986లో వెలసిన ఆరోగ్య విశ్వవిద్యాలయమును, రాష్ట్రవిభజన పిమ్మట వరంగల్లులో వెలసిన కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమును ఆధారములు. ఏ యేడు ఎచ్చట ఎన్ని ఖాళీలున్నవో ఆ యేటి ప్రకటన చూచి తెలిసికొనవలెను.

దుమ్ముగూడెము వంటి చోట పనిచేయు నర్సు ఈ మెట్టు చేరుట ఎంత దూరమో చూతము. జి.ఎన్.ఎం. మూడేండ్లు, పోస్టు బేసిక్ బి.ఎస్సీ. రెండేండ్లు, ఎం.ఎస్సీ. రెండేండ్లు. ఏడేండ్ల చదువు తరువాత గాని పీహెచ్.డి. వాకిలి కనబడదు. నడుమ ఉద్యోగము, పెండ్లి, పిల్లలు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో చేసిన నిబంధనల ప్రకారము పీహెచ్.డి.కి కనీసము మూడేండ్లు పట్టును. సాధారణముగా ఆరేండ్లు గడువు. మరి రెండేండ్ల పొడిగింపునకు వీలున్నది. స్త్రీలకు అంతకుమించి ఇంకను రెండేండ్ల సడలింపు ఈయవచ్చును. ప్రసూతి, శిశుపోషణ కొరకు మొత్తము 240 దినముల సెలవునకు అవకాశము కలదు. ఉద్యోగము చేయుచు చదువుటకును అనుమతి ఉన్నది. అయితే పై అధికారుల నుండి అంగీకార పత్రము తేవలెను. పరిశోధనకు చాలినంత సమయము దొరకునని, తరగతులకు హాజరగుటకు అవసరమైనచో విడుదల చేయుదురని ఆ పత్రములో ఉండవలెను. దూరవిద్య ద్వారా గాని, ఇంటర్నెట్ తరగతుల ద్వారా గాని పీహెచ్.డి. ఇచ్చుటను ఈ నిబంధనలు నిషేధించుచున్నవి. ఇంటివద్ద కూర్చుండి రెండేండ్లలో డాక్టరగుదురని ఎవరైన ప్రకటించినచో ఆ మాట నమ్మి సొమ్ము కట్టరాదు.

ఇక మేము మొదట చెప్పిన ప్రశ్నకు వత్తుము. ఎవరి బాధను గురించి? గోదావరి గట్టున పనిచేయు నర్సుకు ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథాలయములో వెదకనక్కర లేదు. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులు చేరగానే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది వెలువడును. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులు వచ్చెను. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చెను. రెండవ హెచ్చరిక వెలువడిన వేళ నెలలు నిండిన స్త్రీలెందరు దారి తెగిన పల్లెలలో ఉండిపోవుచున్నారు? వారిని ఏ రోజున, ఏ దారిన ఆసుపత్రికి చేర్చినచో తల్లియు బిడ్డయు క్షేమముగా ఉందురు? ఇది నర్సు అడుగవలసిన ప్రశ్న. ఇంజనీరు నీటిని కొలుచును; వైద్యుడు ఆసుపత్రికి వచ్చినవారిని చూచును. రానివారి పేర్లు పల్లెపల్లె తిరుగు నర్సమ్మ పుస్తకములో ఉండును.

మరియొక ఉదాహరణము సికిల్ సెల్ రక్తహీనత. మన దేశమున ఈ వ్యాధిని 1952లో నీలగిరి గిరిజనులలో మొదట కనుగొనిరి. గోదావరి అడవుల గిరిజనులలోను ఇది కలదు. 2047 నాటికి దీనిని నిర్మూలింపవలెనని కేంద్రప్రభుత్వము 2023 జూలై 1న జాతీయ కార్యక్రమము ప్రారంభించెను. రక్తపరీక్ష ఒక్క దినపు పని. పరీక్షలో లోపము తేలిన పిల్లవానికి జ్వరము వచ్చినప్పుడు, కీళ్లు నొచ్చినప్పుడు తల్లి ఏమి చేయవలెనో, ఆ మాట ఆమెకు ఏ భాషలో చెప్పవలెనో, చెప్పినది ఎంతవరకు ఆచరణలోనికి వచ్చుచున్నదో తెలిసికొనుట సంవత్సరముల పని. అది నర్సింగు పరిశోధనకు తగిన పని.

భాష ప్రస్తావన వచ్చినది గనుక ఒక పాత సంగతి జ్ఞాపకము చేయుచున్నాము. దుమ్ముగూడెములో మతప్రచారకుడుగా నివసించిన జాన్ కెయిన్ 1876 మొదలు ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గురించి, కోయల ఆచారములను గురించి వ్యాసములు వ్రాసెను. నేటికిని పండితులు వానిని ఉదాహరింతురు. ఆ వ్యాసములలో కోయలు ఇతరుల పరిశీలనకు వస్తువులు. నేడు ఆ పల్లెలలో పుట్టిన బాలికలు నర్సులగుచున్నారు. వారిలో ఒకరు తమ తల్లుల అనుభవమును తమ భాషలో విని, శాస్త్రీయముగా వ్రాసి, పట్టము పొందినచో అది ఒక ఉద్యోగినికి లభించిన గౌరవముతో ఆగదు. నూటయేబదేండ్లుగా ఇతరులు వ్రాసినదానిని ఆ ఊరివారు సరిచూచుకొనుట కూడ అగును. ఇట్టి పరిశోధనకు కట్టుబాట్లు కలవు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నీతి నియమములు గిరిజనులకు ప్రత్యేక రక్షణ కల్పించినవి. సమ్మతి వారికి అర్థమగు భాషలో తీసికొనవలెను. మందు కొరకు వచ్చినవారు నర్సమ్మ మాట కాదనలేక ఒప్పుకొనుట సమ్మతి కాదు. వైద్యము చేయు చేతితోనే వివరములు సేకరించువారు ఈ విషయమున మిక్కిలి జాగరూకులై ఉండవలెను.

ఈ విధముగా ప్రశ్న స్థిరపడిన పిమ్మట విశ్వవిద్యాలయమును వెదకవలెను. అప్పుడు చూడవలసినది భవనముల ఎత్తు కాదు. ఆ ప్రశ్నలో అనుభవము గల మార్గదర్శి అచ్చట ఉన్నారా? నిబంధనల ప్రకారము ప్రొఫెసరు ఒకేసారి ఎనిమిది మందికి మించి, అసోసియేటు ప్రొఫెసరు ఆరుగురికి మించి, అసిస్టెంటు ప్రొఫెసరు నలుగురికి మించి పీహెచ్.డి. విద్యార్థులను స్వీకరింపరాదు. పదవీ విరమణకు మూడేండ్లకంటె తక్కువ వ్యవధి ఉన్నవారు కొత్తవారిని తీసికొనరాదు. కావున మార్గదర్శి వద్ద ఇప్పటికే ఎందరున్నారో, వారిలో ఎందరు పూర్తిచేసిరో వినయముగా విచారించుట తప్పు కాదు. గడచిన విద్యార్థులను కలిసి మాటాడుట మరింత మేలు. లెక్కలు కట్టుటలో సహాయము చేయువారున్నారా? నీతి సంఘము సక్రమముగా సమావేశమగుచున్నదా? ప్రతి అర్ధసంవత్సరమున పురోగతిని నివేదించుటకు పోవలసి ఉండును. ఆ ప్రయాణమునకు సెలవు, ఖర్చు ఉన్నవా? అన్నిటికంటె ముఖ్యముగా, పరిశోధన తమ పల్లెలలో చేయుటకు వారు సమ్మతింతురా, లేక పట్టణపు ఆసుపత్రిలోని సులభమైన విషయమును చేతికిత్తురా?

ఒక నిజము దాచరాదు. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగమునకు పీహెచ్.డి. అడుగరు. నర్సింగు కళాశాల ప్రిన్సిపాలు పదవికి సైతము ఎం.ఎస్సీ. తప్పనిసరి, పీహెచ్.డి. వాంఛనీయము మాత్రమే. పట్టము వలన కలుగు లాభము ఎక్కువగా బోధన ఉద్యోగములలోనే కానవచ్చును. అందుచేత చదివిన నర్సు మంచము ప్రక్క నుండి తరగతి గదికి, అడవి నుండి నగరమునకు తరలిపోవుచుండుట సహజమాయెను. ఇది ఆమె దోషము కాదు. ఆమె జ్ఞానమునకు అడవిలో తగిన స్థానము, జీతము కల్పింపనివారి దోషము. అయినను పదేండ్ల కష్టమునకు పూనుకొను ముందు ఈ సంగతి తెలిసియుండుట మంచిది. జీతము పెరుగుటయే ఉద్దేశమైనచో ఎం.ఎస్సీ.తో సాధ్యమగు పదోన్నతులను ముందుగా విచారింపవలెను. బోధన ఉద్దేశమైనచో పీహెచ్.డి. సరియైన దారి. తమ రోగుల మధ్యనే ఉండి వారి స్థితిని మార్చుట ఉద్దేశమైనచో, ఉద్యోగము విడువకుండ, పని చేయుచోటనే పరిశోధనకు అంగీకరించు మార్గదర్శి దొరకువరకు ఒకటి రెండేండ్లు వేచియుండుట నష్టము కాదు.

ఈ నిర్ణయము నర్సు ఒక్కతెది కాదు. ఆరేండ్లపాటు వంట, పిల్లల చదువు, పెద్దల మందులు ఎవరు చూతురన్న ప్రశ్నకు ఇంటివారు ముందుగా సమాధానము చెప్పవలెను. అంగీకార పత్రమీద సంతకము చేయు అధికారి కూడ, రాత్రి డ్యూటీల పట్టికను వేయునప్పుడు ఆ సంతకమును గుర్తుంచుకొనవలెను. దుమ్ముగూడెము ఆనకట్ట మీదుగా ప్రతి వానకాలము నీరు పొంగి పారును. ఆ నీటి లెక్క మన కార్యాలయములలో అడుగులతో సహా ఉన్నది. ఆ దినములలో ప్రసవించిన తల్లుల లెక్కను అంత జాగ్రత్తగా వ్రాయగల నర్సు ఏదేని ఆరోగ్య కేంద్రములో నేడు పనిచేయుచున్నచో, ఆమెకు కావలసిన పట్టము ఏదో ఆమె రిజిస్టరు పుస్తకమే చెప్పగలదు.